ముందు రింగు మీద నంబరు

‘గాజు కన్ను’ ధారావాహిక: 14వ భాగం

జుమేరాత్ బజార్‌లో ఒక పాత ఇస్త్రీపెట్టెకీ, మూతలేని ఫ్లాస్కుకీ మధ్య గోనెపట్టా మీద పడి ఉంది. నల్లటి లెన్స్. పొడవు జానెడు కూడా లేదు గానీ చేతిలోకి తీసుకుంటే కిలోకి కాస్త తక్కువ తూగేలా ఉంది. రబ్బరు తొడుగు గళ్ళ నిండా దుమ్ము. అమ్మేవాడికి అదేమిటో తెలీదు. “దుర్బీన్ సార్, ఒక కన్నుది” అన్నాడు. పన్నెండు వందలు చెప్పి ఎనిమిది వందలకు దిగాడు. నేను ఆరు వందల దగ్గర మొండికేసి, మాటల్లోనే కర్చీఫుతో ముందు రింగు తుడిచాను. వివిటార్ సిరీస్ 1, 70–210, ఎఫ్/3.5 అని తెల్లగా తేలింది. పక్కనే సన్నగా సీరియల్ నంబరు. మొదటి రెండంకెలు 22. మూడోది 5. ఆ తర్వాత 17.

ఇంక నోరెత్తకుండా ఎనిమిది వందలూ ఇచ్చేశాను.

22 అంటే దీన్ని చేసింది జపాన్‌లోని కినో ప్రెసిషన్ అనే కర్మాగారం. 5 అంటే 1975. 17 అంటే ఆ ఏడాదిలో పదిహేడో వారం, ఏప్రిల్ చివరి రోజులు. రింగు మీద కొట్టొచ్చినట్టు కనిపించే పేరు మాత్రం అమెరికా కంపెనీది. ఆ కంపెనీకి సొంతంగా లెన్స్ కర్మాగారమే లేదు. చేసినవాళ్ళ ఊరూ పేరూ రెండంకెల్లో దాచి, అమ్మినవాళ్ళ పేరు గొప్పగా చెక్కారు. పట్టుచీర మీద నేతగాడి పేరు ఉంటుందా, షాపు పేరే కదా ఉండేది! ఈ వారం మన కథ ఆ రెండంకెలది.

గత భాగంలో టెలిఫోటో లెన్స్ దగ్గర ఆగాం. అది దూరాన్ని దగ్గరికి లాగుతుంది, సరే. కానీ లాగేది ఒక్క కొలతలోనే. 135 మి.మీ. లెన్స్ బిగించుకున్న ఫొటోగ్రాఫర్ ముందు పెళ్ళికూతురు నాలుగడుగులు ముందుకు వస్తే, అతను నాలుగడుగులు వెనక్కి వేయాలి. వెనక గాడిపొయ్యి ఉంటే అతని ఖర్మ. మనిషి కదలకుండా లెన్సే ముందుకూ వెనక్కూ నడిచినట్టు చేయగలిగితే? జూమ్ అనే ఆలోచన అక్కడ పుట్టింది. మాట మాత్రం విమానాలది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లిష్ పైలట్లు విమానాన్ని నిట్టనిలువుగా పైకి లేపడాన్ని జూమ్ అనేవారు.

లోపలి గాజుబిళ్ళలను కదిలిస్తే బొమ్మ పెద్దదీ చిన్నదీ అవుతుందన్నది పాత సంగతే. కష్టం అక్కడ లేదు. కదులుతున్నంతసేపూ ఫోకస్ చెదరకుండా చూడడంలో ఉంది. బొమ్మ సైజు మార్చే గాజు గుంపు ఒకటి నడుస్తుంటే, చెదిరిన ఫోకస్‌ను సరిదిద్దే గుంపు ఇంకొకటి దానికి తాళం వేస్తూ నడవాలి. ఇద్దరి నడకా ఒకటి కాదు. ఒకటి తిన్నగా పోతుంటే ఇంకొకటి కొంత ముందుకు వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాల్సి ఉంటుంది. అందుకోసం లోహపు గొట్టం గోడకు వంపు తిరిగిన గాడి కోస్తారు. గాజుల చట్రానికి ఉన్న చిన్న మేకు ఆ గాడి వెంట నడుస్తుంది. గాడి వెంట్రుకవాసి తప్పినా బొమ్మ మసక. జూమ్ లెన్స్‌లో సగం గాజు విద్య, సగం లోహపు విద్య అనడం అందుకే. ఈ రెండో సగాన్ని చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదని నా ఫిర్యాదు.

ఈ గాడి గొడవ లేకుండా పని జరిపించాలని చూసినవాడు ఫ్రాంక్ బ్యాక్. 1902లో వియన్నాలో పుట్టిన ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధం కమ్ముకొస్తున్న రోజుల్లో యూరప్ వదిలి అమెరికా చేరాడు. గాజు గుంపులను ఒకే చట్రానికి కట్టేసి, అన్నీ కలిసి కదిలేలా, ఒకదాని తప్పును ఇంకొకటి దిద్దేలా లెక్క వేశాడు. దానికి ‘జూమర్’ అని పేరు పెట్టాడు. 1946 నాటికి 16 మి.మీ. సినిమా కెమెరాకు జూమర్ వచ్చింది. 1947లో టెలివిజన్ కెమెరాకు ఎక్కి అమెరికాలో బేస్‌బాల్ ఆటలు చూపించింది. పరుగెత్తే ఆటగాడి వెంట బొమ్మ కూడా ఊగుతూ దగ్గరికి రావడం జనం ఇళ్ళలో కూర్చుని చూశారు.

మామూలు ఫొటో కెమెరాకు జూమ్ రావడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. 1959లో బ్యాక్ లెక్క వేసిన 36–82 మి.మీ., ఎఫ్/2.8 జూమర్‌ను జర్మనీలో ఫోక్ట్‌లాండర్ సంస్థ తయారుచేసింది. 35 మి.మీ. ఫిల్ము కెమెరాలకు మొట్టమొదటి జూమ్ అదే. ఫోక్ట్‌లాండర్ 1756లో వియన్నాలోనే పుట్టి, 1849లో బ్రౌన్‌ష్వైగ్‌కు తరలిన సంస్థ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పని పడుతుంది.

అదే 1959లో జపాన్‌లో నిప్పన్ కొగాకు తన నికాన్ ఎఫ్ కెమెరాతో పాటు ఒక టెలిఫోటో జూమ్‌నూ ప్రకటించింది. 8.5 నుంచి 25 సెంటీమీటర్లు, ఎఫ్/4 నుంచి 4.5. అప్పటికింకా ఆ సంస్థ లెన్స్ కొలతలు సెంటీమీటర్లలోనే రాసేది. అందులో 15 గాజుబిళ్ళలు. దాన్ని మెడకు వేలాడదీసుకుని తిరిగేవాడికి మెడ మీద మమకారం ఉండకూడదు.

సినిమాకు ముందు వచ్చి, ఫొటోకు ఆలస్యమెందుకైంది? సినిమా ఫిల్ములో బొమ్మ చిన్నది. పైగా సెకనుకు పదహారో ఇరవై నాలుగో బొమ్మలు పరుగెత్తుతుంటాయి కాబట్టి ఒక్కో బొమ్మలోని తప్పు కంటికి ఆనదు. ఫొటో అలా కాదు. ఒక్క బొమ్మను పట్టుకుని గోడంత పెంచి, అంచుల దాకా వెతుకుతారు. 1963 నవంబరు 22న డాలస్‌లో కెన్నెడీ మీద కాల్పులు జరిగినప్పుడు ఆ దృశ్యాన్ని ఫిల్ముకెక్కించిన అబ్రహాం జప్రూడర్ ఆడవాళ్ళ దుస్తుల వ్యాపారి. అతని చేతిలోని 8 మి.మీ. బెల్ అండ్ హోవెల్ కెమెరాలో జూమ్ ఉంది, దాన్ని చివరంటా టెలిఫోటోకు పెట్టాడు. ఇంటి సినిమాలు తీసుకునే దుస్తుల వ్యాపారికి అప్పటికే జూమ్ మామూలు వస్తువు. పత్రికల ఫొటోగ్రాఫర్లు మాత్రం ఆ మాట వింటేనే మొహం చిట్లించేవారు.

వాళ్ళ తప్పు లేదు. అసలు చిక్కు లెక్కల్లో ఉంది.

ఒక లెన్స్ ఎలా పని చేస్తుందో ముందుగా తెలియాలంటే, ఒక కాంతి కిరణం ప్రతి గాజు ముఖం దగ్గరా ఎంత వంగుతుందో లెక్క కట్టాలి. ఒక ముఖం దగ్గర వచ్చిన జవాబు తర్వాతి ముఖానికి ప్రశ్న. లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని గదినిండా మనుషులు ఇదే పని రోజుల తరబడి చేసేవారు. మామూలు లెన్స్‌కే అది నెలల పని. జూమ్‌కు ఆ లెక్కంతా పొట్టి కొసలో ఒకసారి, మధ్యలో ఒకసారి, పొడుగు కొసలో ఒకసారి చేయాలి. ఒక కొసలో సరిచేసిన తప్పు ఇంకో కొసలో తలెత్తుతుంది. మళ్ళీ మొదటికి.

అందుకే తొలినాటి కంప్యూటర్ల కథలో లెన్స్ కంపెనీలు తరచు తగులుతాయి. జర్మనీలో లైకా కెమెరాలు చేసే లైట్జ్ సంస్థ 1953లోనే కాన్రాడ్ జూసే చేసిన జెడ్5 అనే యంత్రం కొనుక్కుంది. జపాన్ కథ ఇంకా ముచ్చటైనది. ఫుజీ ఫొటో ఫిల్ములో లెన్స్ లెక్కల విభాగంలో పనిచేసే ఒకాజకీ బుంజీకి ఈ చాకిరీ చూసి విసుగొచ్చింది. కంప్యూటర్ కట్టడం అతని ఉద్యోగం కాదు. అయినా 1949 ప్రాంతంలో మొదలుపెట్టి, దాదాపు ఒంటిచేత్తో, 1,700 వాక్యూమ్ ట్యూబులతో ఒక యంత్రాన్ని నిలబెట్టాడు. 1956లో పూర్తయిన ఆ ‘ఫుజిక్’ జపాన్‌లో తయారైన మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్. ఇప్పుడది టోక్యోలో ఉయెనో పార్కులోని జాతీయ విజ్ఞాన మ్యూజియంలో ఉంది. ఒక దేశపు తొలి కంప్యూటర్ క్షిపణి కోసమో, జనాభా లెక్కల కోసమో కాకుండా గాజుబిళ్ళ వంపు కోసం పుట్టడం నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగానే ఉంటుంది.

యంత్రం వచ్చిన మర్నాడే మంచి జూమ్‌లు రాలేదు. నికాన్ 1963లో తెచ్చిన 43–86 మి.మీ. లెన్స్ అందుకు సాక్షి. 43 అనే వింత అంకె ఎక్కడిదంటే, 35 మి.మీ. ఫిల్ము బొమ్మకు ఈ మూల నుంచి ఆ మూలకు కొలత 43 మి.మీ.; దానికి రెట్టింపు 86. లెక్క అందంగా ఉంది, బొమ్మ అంత అందంగా లేదు. అంచులు మెత్తబడేవి, తిన్నటి గోడలు వంగేవి, ఎదురుగా సూర్యుడుంటే తెల్లటి తెర కమ్మేది. అయినా విరివిగా అమ్ముడుపోయింది. ‘జూమ్ అంటే పదును ఉండదు’ అన్న మాట ఒక తరం ఫొటోగ్రాఫర్ల మనసులో పాతుకుపోవడానికి ఈ లెన్స్ చేసిన సాయం తక్కువేమీ కాదు.

ఆ మాటను తిప్పికొట్టింది కూడా నికానే. 1960లు ముగుస్తున్న వేళ వచ్చిన 80–200 మి.మీ., ఎఫ్/4.5. చేతిలోకి తీసుకుంటే సన్నగా, పొడుగ్గా, రోకలిబండను పొట్టి చేసినట్టు ఉంటుంది. ముందు గాజు ఎంత చిన్నదంటే, 50 మి.మీ. లెన్స్‌కు వాడే 52 మి.మీ. ఫిల్టరే దీనికీ సరిపోతుంది. మధ్యలో ఒకటే వెడల్పు తొడుగు. తిప్పితే ఫోకస్, తోసినా లాగినా జూమ్. ఎడమచెయ్యి ఒకచోట పట్టుకుంటే చాలు, కన్ను తీయకుండా రెండు పనులూ అయిపోతాయి. 80 దగ్గరైనా 200 దగ్గరైనా వెలుతురు కొలత 4.5 దగ్గరే నిలుస్తుంది, కాబట్టి మధ్యలో ఎక్స్‌పోజర్ మార్చుకునే పని లేదు. 85, 105, 135, 200 అని నాలుగు లెన్సులు సంచీలో మోసే మనిషి ఈ ఒక్కదానితో మైదానానికి వెళ్ళి, ఫొటో తెచ్చి, ఎడిటర్ బల్ల మీద పెట్టాడు. తేడా ఎవరూ పట్టలేదు. 1977లో దీన్ని 12 గాజులతో మళ్ళీ లెక్క కట్టి చేశారు. నన్నడిగితే జూమ్‌కు పరువు దక్కింది ఈ లెన్స్‌తోనే. వివిటార్ అభిమానులు నాతో గొడవకు రావచ్చు.

రావడానికి వాళ్ళకు కారణం ఉంది. నికాన్ లెన్స్ కొనాలంటే నికాన్ కెమెరా ఉండాలి, నికాన్ ధర పెట్టగల జేబు ఉండాలి. మిగతావాళ్ళ సంగతి? అక్కడే మాక్స్ పాండర్, జాన్ బెస్ట్ వస్తారు. జర్మనీ నుంచి అమెరికా వచ్చిన ఈ ఇద్దరూ 1938లో కాలిఫోర్నియాలో పాండర్ అండ్ బెస్ట్ అనే వ్యాపారం పెట్టారు. మొదట జర్మనీ సరుకు, యుద్ధం తర్వాత జపాన్ సరుకు దిగుమతి చేసి అమ్మేవారు. 1960లలో సొంత పేరు ఒకటి ఉంటే బాగుంటుందని ‘వివిటార్’ పుట్టించారు. పేరు సొంతం, సరుకు పరాయిది. జపాన్‌లో అప్పటికే కినో, కోమినె, టోకినా, కొసినా లాంటి కర్మాగారాలు బోలెడు. ఎవరు ఏ పేరు చెక్కమంటే ఆ పేరు చెక్కి ఇచ్చేవి.

అలాంటి లెన్సులను చౌకబారువని కొట్టిపారేసే రోజులవి. 1970లలో వివిటార్ ‘సిరీస్ 1’ అనే పేరుతో ఆ మాటకు జవాబు చెప్పింది. కర్మాగారం ఇచ్చింది కళ్ళకద్దుకుని అమ్మడం మానేసి, ఏం కావాలో తామే లెక్క కట్టించి, గీతలు గీయించి పంపడం మొదలుపెట్టింది. ఆ లెక్కల వెనక ఎక్కువగా వినిపించే పేరు ఎలిస్ బెటెన్స్కీ. జుమేరాత్ బజార్‌లో నాకు దొరికింది ఆ వరసలోదే. పొడుగు కొసలో 210 మి.మీ. ఉన్నా ఎఫ్/3.5 నిలబెట్టుకుంటుంది. నికాన్ 4.5తో పోలిస్తే ఒకటిన్నర రెట్లకు మించిన వెలుతురు. దానికి తోడు ఒక రింగు తిప్పితే మాక్రో. సీతాకోకచిలుకను ఫిల్ము మీద దాని అసలు సైజులో సగానికి కాస్త తక్కువగా, 1:2.2 కొలతలో పట్టుకుంటుంది. అప్పటికి జూమ్‌లో ఇది ఊహించనిది. అదే లెన్స్‌ను నికాన్‌కు, కానన్‌కు, మినోల్టాకు, పెంటాక్స్‌కు వేరువేరు మౌంట్లతో చేసి అమ్మారు. నా దానికి ఉన్నది నికాన్ మౌంట్.

ఇక్కడి నుంచి సీరియల్ నంబరు తమాషా మొదలవుతుంది. సిరీస్ 1, 70–210 అన్న పేరుతోనే నాలుగు తరాల లెన్సులు వచ్చాయి, ఒకదానికొకటి సంబంధం లేనివి. మొదటిది 22తో మొదలయ్యే కినో. దీని ఫిల్టరు 67 మి.మీ. రెండోది 37, టోకినా, ఎఫ్/3.5 అలాగే ఉంచి 62 మి.మీ. ఫిల్టరుకు తగ్గించారు. మూడోది 28, కోమినె. పొట్టి కొసలో 2.8, పొడుగు కొసలో 4. నాలుగోది 09, కొసినా, అదీ 2.8–4. కోమినెదే అన్నిటికన్నా పదునైనదని చాలామంది సేకర్తలు ఒట్టేసి చెప్తారు. కావచ్చు. కానీ కినో లెన్స్‌ను ఒకసారి తోసి లాగి చూసిన చెయ్యి మిగతావాటి దగ్గర కాస్త నిరుత్సాహపడుతుంది. వెన్నలో కత్తి అంటారే, అలా జారుతుంది. యాభై ఏళ్ళ తర్వాత కూడా.

పేరొకరిది, పని ఇంకొకరిది అన్నది చౌక లెన్సుల సంగతే అనుకుంటే పొరపాటు. లైకా పేరు మీద 1970లలో వచ్చిన వేరియో-ఎల్మార్ 80–200 ఎఫ్/4.5 చేసింది మినోల్టా. తర్వాతి 70–210 ఎఫ్/4 కూడా మినోల్టాదే. 1972లో రెండు సంస్థలకూ ఒప్పందం కుదిరింది మరి. లైకా పేరున్న లెన్స్‌ను అద్దాల బీరువాలో పెడతారు, మినోల్టా పేరున్న చుట్టాన్ని గోనెపట్టా మీద పరుస్తారు. డబ్బు తక్కువుండి బుద్ధి ఎక్కువున్న సేకర్తకు ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది?

టామ్రాన్ ఇంకో దారి తొక్కింది. 1973లో అడాప్టాల్ అనే పద్ధతి తెచ్చింది. లెన్స్ ఒకటే, వెనక బిగించే రింగు మాత్రం కెమెరాకొకటి. కెమెరా మార్చినా లెన్స్ పోదు. 1979 నుంచి అడాప్టాల్-2. టామ్రాన్ పేరుతో లెన్స్ కనిపిస్తే ముందు వెనక రింగు ఉందో లేదో చూసుకోండి. రింగు లేని లెన్స్ చౌకగా ఇస్తారు, తర్వాత రింగు కోసం ఊళ్ళు తిరగాలి.

ఇంత మంచి సరుకు గోనెపట్టా మీదికి ఎందుకొచ్చింది? గాజు పాడై కాదు. 1985లో మినోల్టా 7000 వచ్చింది. కెమెరా లోపలి మోటారే ఫోకస్ చేసేస్తుంది. నికాన్, కానన్ అదే దారి పట్టాయి. 1987లో కానన్ ఏకంగా పాత ఎఫ్‌డీ మౌంట్‌నే వదిలేసి ఈఓఎస్ మొదలుపెట్టింది. రాత్రికి రాత్రి ఎఫ్‌డీ లెన్సులన్నీ అనాథలయ్యాయి. కొత్త కెమెరాకు అడాప్టర్ వేద్దామంటే దూరం కుదరదు. ఎఫ్‌డీ లెన్స్ వెనక ఫిల్ముకు 42 మి.మీ. ఉండాలి, ఈఓఎస్‌లో 44 ఉంది. రెండు మిల్లీమీటర్లు! మధ్యలో ఇంకో గాజు పెడితే తప్ప దూరపు కొండ మీద ఫోకస్ కుదరదు. ఆ రెండు మిల్లీమీటర్ల వల్ల ఇరవై ఏళ్ళపాటు అటకల మీద పడి ఉన్న లెన్సులెన్నో.

2008లో పానాసోనిక్ జీ1తో అద్దం లేని కెమెరాలు మొదలయ్యాయి. అద్దం పోవడంతో లెన్స్‌కూ సెన్సార్‌కూ మధ్య దూరం బాగా తగ్గిపోయింది. ఇప్పటి సోనీ ఈ మౌంట్‌లో అది 18 మి.మీ. నికాన్ పాత లెన్స్‌కు కావాల్సింది 46.5. తేడా 28.5 మి.మీ. గాజు లేని ఉత్త లోహపు గొట్టం అంత మందాన పెడితే సరి, యాభై ఏళ్ళ లెన్స్ ఇవాళ్టి కెమెరాకు అతుక్కుంటుంది. అనాథలకు ఇల్లు దొరికింది. ధరలూ కాస్త లేచాయి, కానీ టెలిఫోటో జూమ్‌లవి అంతగా లేవలేదు. 50 మి.మీ., 85 మి.మీ. లెన్సుల మోజు వేరు. జూమ్‌ల మీద 43–86 నాటి చెడ్డపేరు ఇంకా వదల్లేదేమో.

నా 22 సంగతికి వస్తాను. ఇంటికి తెచ్చాక ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూశాను. దుమ్ము ఉంది, దుమ్ముతో ఏమీ కాదు. ముందు గుంపు వెనక మాత్రం సాలెగూడు లాంటి సన్నటి పోగులు. ఫంగస్. మన కోస్తా ఉక్కపోత, మన వానాకాలం ఈ లెన్సులకు యముళ్ళు. అందులోనూ కంపెనీలు అందంగా కుట్టి ఇచ్చిన తోలు కేసులు తేమను పట్టి ఉంచి బూజును పెంచుతాయి. పాత లెన్స్ కొంటే ముందు ఆ తోలు కేసును విడదీయండి. 1991కి ముందు ఇలాంటి లెన్సులు మనకు దుకాణాల్లో దొరికినవి తక్కువ, గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చే చుట్టాల పెట్టెల్లో వచ్చినవే ఎక్కువ. అంత అపురూపంగా వచ్చిన వస్తువు కాబట్టే తోలు కేసులో పెట్టి, బీరువాలో దాచి, పెళ్ళిళ్ళకు తప్ప తీయకుండా, చివరికి బూజుకు అప్పగించారు.

కోఠీలో కెమెరాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన లెన్స్‌ను కంటి దగ్గర పెట్టుకుని కిటికీ వైపు తిప్పాడు.

“గిది బయట తుడిస్తే పోదు సార్. ముందు గాజు ఇప్పాలె.”

“మరకలు మిగులుతాయా చాచా?”

“బూజు పోతది. కోటింగ్ తిని ఉంటే జాడ ఉంటది. ఇప్పినంక చెప్త.” స్క్రూలను భూతద్దంలో చూశాడు. “ఇదివరకు ఎవ్వరు చెయ్యి పెట్టలె. మంచిగుంది.”

ఆ చివరి మాట కొనేటప్పుడు మనం చూసుకోవాల్సింది. స్క్రూ తలలు గీకుడు పడి ఉంటే ఎవరో తెలిసీ తెలియక విప్పారని అర్థం, గాజులు మళ్ళీ సరిగ్గా కూర్చున్నాయన్న నమ్మకం లేదు. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తుంటే అవి బద్ధకంగా మూసుకుంటాయి. అతికించిన రెండు గాజుల మధ్య జిగురు విడితే అంచున ఇంద్రధనుస్సు మరక కనిపిస్తుంది, దాన్ని బాగుచేయించడం కన్నా ఇంకో లెన్స్ కొనడం చౌక. ఇక తొడుగు వదులై కిందికి వంచగానే దానంతటదే జారిపోతుందా, ఫరవాలేదు. తోసి లాగే జూమ్‌లన్నిటికీ వయసు మీద పడితే వచ్చే జబ్బే అది. వెడల్పాటి రబ్బరు బ్యాండు ఒకటి తొడిగితే సర్దుకుంటుంది.

చాచా వారం తర్వాత తిరిగిచ్చాడు. ఒక మూల ఆవగింజంత జాడ మిగిలింది. ఫొటోలో అది కనిపించదు.

దాన్ని తీసుకుని గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్ళాను. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. గట్టు మీద నిలబడితే చాలు, 210 మి.మీ. అందుకునేంత దగ్గరలో ఉంటాయి. పెద్ద పెద్ద ఆటోఫోకస్ లెన్సులతో వచ్చిన కుర్రాళ్ళు నా గొట్టం వైపు జాలిగా చూశారు. మొదటి గంట వాళ్ళ జాలి న్యాయమైనదే. గూటిలో దిగే కొంగ రెక్క విప్పిన క్షణానికి నా ఫోకస్ వెనక కొమ్మ మీద ఉంది.

రెండో గంటలో చెయ్యి దారిలో పడింది. పాతవాళ్ళ పద్ధతి ఒకటుంది. ముందు పొడుగు కొసకు లాగి, కొంగ కంటి మీద ఫోకస్ కుదుర్చుకుని, ఆ తర్వాత కావాల్సినంత వెనక్కి రావాలి. నిజమైన జూమ్ కాబట్టి ఫోకస్ చెదరదు. ఇప్పటి లెన్సుల్లో చాలావాటికి ఈ గుణం లేదు. కెమెరా ఎలాగూ మళ్ళీ ఫోకస్ చేసుకుంటుంది కదా అని వదిలేశారు. కొంగ వచ్చి దిగే కొమ్మ ఏదో కాసేపు చూస్తే తెలిసిపోతుంది. ఆ కొమ్మకు ఫోకస్ పెట్టి కాచుకోవడమే. ఎఫ్/3.5 దగ్గర తెల్లటి రెక్క అంచున ఊదారంగు గీత తేలింది. 5.6కు తగ్గిస్తే పలచబడింది, 8 దగ్గర వెతికితే గానీ కనిపించలేదు. హుడ్ లేకుండా ఎండకు ఎదురు పెట్టిన ఫొటోలన్నీ పాలు కలిపినట్టు వచ్చాయి. షట్టర్ సెకనులో ఐదువందలో వంతుకు తగ్గనివ్వలేదు. సాయంత్రానికి నూటపాతిక తీస్తే పదకొండు నిలిచాయి. వాటిలో ఒకదాంట్లో గూడబాతు ముక్కు కింద సంచీలోని నరాలు కూడా లెక్కపెట్టొచ్చు. కుర్రాళ్ళలో ఒకడు వచ్చి, “అంకుల్, ఒకసారి చూడొచ్చా?” అని లెన్స్ పుచ్చుకుని, తోసి లాగి, మళ్ళీ తోసి లాగి, ఇవ్వడానికి చాలాసేపు తీసుకున్నాడు.

ఆ నాలుగు జంట అంకెలు తర్వాత ఏమయ్యాయో చెప్పి ఈ వారానికి ఆపుతాను. 22, అంటే కినో, 1980లలో ధైర్యం చేసి ‘కిరాన్’ అని సొంత పేరు పెట్టుకుంది. మంచి లెన్సులు చేసింది, ఆటోఫోకస్ తుఫానులో నిలవలేదు. 28, కోమినె, కనుమరుగైంది. 37, టోకినా, ఇప్పటికీ లెన్సులు చేస్తోంది. వివిటార్ పేరు చేతులు మారి మారి 2008లో సాకార్ అనే ఇంకో అమెరికా కంపెనీ కింద చేరింది.

09, అంటే కొసినా, అన్నిట్లోకీ చులకనగా చూసినది, 1999లో ఒక పాత పేరును అద్దెకు తెచ్చుకుంది. ఇవాళ సంపన్నులైన సేకర్తలు వరసకట్టి కొనే ఆ మాన్యువల్ లెన్సుల ముందు రింగు మీద కొసినా అని ఉండదు. ఫోక్ట్‌లాండర్ అని ఉంటుంది.

(సశేషం)